బదులు పలికిన మాత

రేగుదిన్నెలో బదులు మాతగా కొలిచే మరియమ్మ గుడికి వచ్చే యాత్రికుల కంట మొదట పడేది ముళ్ళకంచె. వాకిలి ఎదుట తుమ్మకంపతో కట్టిన ఆ కంచెను ఏటా పండుగకు ముందు విప్పి, కొత్త కంపతో మళ్ళీ కడతారు. సిమెంటు ప్రహరీ కట్టిస్తామని దాతలు ముందుకొచ్చినా ఊరు ఒప్పుకోలేదు. ఇక్కడ రోగి ఇంటివారు లోపల కూర్చుని జపమాలలో ప్రతి జపానికీ మొదటి సగం చెబుతారు. రెండో సగాన్ని కంచె అవతల నిలబడిన పరాయివారు పలుకుతారు.

పూర్వం ఇక్కడ శౌరమ్మ ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో దీపాలవేళ జపమాల తప్పేది కాదు. ఆమె పెనిమిటి చిన్నప్ప మొదలుపెడితే అత్తా, కొడుకులూ, చిన్నకూతురు జ్ఞానమ్మా బదులు పలికేవారు. పక్కింట్లో మరిది రాయప్ప, తోడికోడలు అన్నమ్మ ఉండేవారు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు చెడిన నాటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. జపం మాత్రం రెండిళ్ళలోనూ ఒకే వేళకు జరిగేది, ఎవరి మరియమ్మ వారికే అన్నట్టు!

ఒక ఎండాకాలం కలరా వచ్చింది. అత్త పోయింది. కొడుకులు పోయారు. వారిని పాతిపెట్టి వచ్చిన చిన్నప్పా పోయాడు. జబ్బు తమదాకా రాకుండా ఊరివాళ్ళు శౌరమ్మ వాకిట్లో ముళ్ళకంప అడ్డం వేశారు. మొదటి మండ వేసింది అన్నమ్మే. ఆమెకూ చిన్నపిల్లలున్నారు మరి. ఇంత దూరాన కూర్చుని తప్పుపట్టడం మనకు సులువు.

ఆపైన జ్ఞానమ్మ పడకేసింది. కుండలో నీళ్ళు అడుగంటాయి, బావి చూస్తే కంప అవతల ఉంది. శౌరమ్మ గూట్లోని మరియమ్మ స్వరూపాన్ని గోడవైపు తిప్పేసింది. "నా వాళ్ళంతా పోతా ఉంటే చూస్తా కూర్చున్నావు. ఇంక నా మొహం చూడమాక" అని ఏడ్చింది.

దీపాలవేళకు పిల్ల కళ్ళు తెరిచి, "అమ్మా, జపం చెప్పవా?" అంది. కాదనలేక శౌరమ్మ మొదలుపెట్టింది. రెండో సగంలో 'మా మరణ సమయమందును' అనే మాట ఉంది. బిడ్డ ముందు ఆ మాట ఆమె నోట రాలేదు. పిల్లకు పలికే ఓపిక లేదు, పలకడానికి ఇంట్లో మరో మనిషి లేదు. మళ్ళీ మొదటి సగమే చెప్పింది, మళ్ళీ అక్కడే ఆగింది.

ఆ రోజు ఎవరికీ కల రాలేదు, వెలుగూ కనబడలేదు. ఆమె ఆగిన చోట కంప అవతలి నుంచి రెండో సగం వినబడింది. అది అన్నమ్మ గొంతు.

"ఆపమాక అక్కా. నువ్వు చెప్పు, నేను అంటా."

శౌరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటి సగం చెప్పింది. కాసేపటికి చుట్టుపక్కల వాకిళ్ళ నుంచి మరికొన్ని గొంతులు కలిశాయి. జపమాల ముగియగానే అన్నమ్మ తాను వేసిన కంపను తన చేతులతోనే లాగి, కాచిన నీళ్ళూ ఉప్పుగంజీ పట్టుకుని లోపలికి నడిచింది. రాయప్ప వద్దని కేకలేశాడు.

"ఆ ఇంట్లో జపం ఆగిపోతే, మనింట్లో ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటామయ్యా?" అందామె.

ఆ గంజితో జ్ఞానమ్మ నిలబడింది. వారం తిరక్కుండా జబ్బు అన్నమ్మను పట్టుకుంది. ఆమెకు గంజి కడుపులో నిలవలేదు. ఆమె మంచం పక్కన ఈసారి బదులు పలికింది శౌరమ్మ. తన బిడ్డ ముందు పలకలేకపోయిన మాటను ఆ పూట ఒక్కసారీ మింగకుండా పలికింది. అన్నమ్మ గొంతు ఆగాక, మొదటి సగాన్ని జ్ఞానమ్మ అందుకుంది.

అన్నమ్మ పిల్లలను శౌరమ్మ తన బిడ్డతో కలిపి పెంచింది. ఇంటిని మాతకు ఇచ్చేసింది. గోడవైపు తిప్పిన స్వరూపాన్ని వాకిలి వైపు తిప్పి నిలిపింది. నేటికీ మాత చూపు కంచె మీదే ఉంటుంది.

ఇక్కడ మొక్కుకున్నవారంతా లేచి నడిచారని రాస్తే అబద్ధమవుతుంది. నడిచినవారున్నారు, సమాధుల తోటకు చేరినవారూ ఉన్నారు. తోడెవరూ లేకుండా వచ్చేవారు మాత్రం బెంగపడనక్కరలేదు. ఎండైనా వానైనా దీపాలవేళకు అన్నమ్మ వంశంవారు ఎవరో ఒకరు కంచె అవతల నిలబడి ఉంటారు. మొదటి సగం చెప్పి, ఆగండి.