పద్నాలుగేళ్ళ గీజరు

చింతపల్లి కొండల్లోని ఆ చిన్న ఆశ్రమంలో అప్పలసూరికి పట్టుకున్న బెంగ ఆత్మ గురించి కాదు, గీజరు గురించి.

ఆ ఆశ్రమంలో ఎవరూ దేనికీ వంక పెట్టరు. పప్పులో ఉప్పు మర్చిపోయినా బాగుందనే అంటారు. అది గురువు అచ్చియ్యమ్మగారు పెట్టిన నియమం. కొత్తగా వచ్చినవాళ్ళకి దాన్ని నేర్పేది అప్పలసూరే.

గీజరు మంచిచెడ్డలు చూసేదీ అతనే. పద్నాలుగేళ్ళుగా అది పదిమంది వృద్ధుల స్నానాలకి నీళ్ళు కాస్తోంది. ఈ చలికాలం నుంచి దాని కడుపులో శనగలు వేగుతున్నట్టు చప్పుడు. నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. అడుగునుంచి చుక్కలు కారుతుంటే అప్పలసూరి కింద ఒక సత్తుగిన్నె పెట్టాడు. గంటకోసారి లేచి దాన్ని పారబోసి వచ్చేవాడు. ధ్యానంలో కూర్చున్నా అతని మనసు గిన్నె దగ్గరే ఉండేది.

మార్చాలా, ఉంచాలా? ట్యాంకే తుప్పు పట్టిపోయింది, ఇక లాభం లేదని నర్సీపట్నం నుంచి వచ్చిన మెకానిక్ తేల్చేశాడు. దర్శనానికొచ్చిన మేష్టారొకాయన తమ ఇంట్లోది ఇరవయ్యేళ్ళు నడిచిందన్నారు. ఇంకొకాయన పదేళ్ళు దాటితే నమ్మకూడదన్నాడు. అప్పలసూరి అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రాసినకొద్దీ అయోమయం ఎక్కువైంది.

కొత్తది పంపుతానని విశాఖపట్నం భక్తుడొకాయన ఎప్పుడో చెప్పాడు. కానీ పనికొచ్చే వస్తువుని పారేయడం తప్పని అప్పలసూరి ఈ ఆశ్రమంలోనే నేర్చుకున్నాడు. పనికొస్తోందో లేదో తెలిసేదెలా? అతని బుర్ర మాత్రం బాగా వేడెక్కింది.

వాడేవాళ్ళనే అడుగుదామనుకుని తవిటయ్య దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి ఎనభై దాటాయి. అందరినీ ముందు పంపి చివర స్నానం చేసే మనిషి. పది రోజులుగా దగ్గు ఆయన్ని వదలడం లేదు.

"నీళ్ళెలా ఉంటున్నాయి తాతా?"

"బాగున్నాయి బాబూ. ఏటీ లోటు లేదు."

తక్కిన తొమ్మిదిమందీ అదే మాటన్నారు. అప్పలసూరి ఇంకా తికమకపడిపోయాడు.

ఆ సాయంత్రం పుస్తకం తీసుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ మొత్తం విన్నారు. పుస్తకం వైపు చూడలేదు.

"నువ్వు స్నానం ఎక్కడ చేస్తావు సూరీ?"

"కొండ కింద పారే గెడ్డలో అమ్మగారూ. ఏడేళ్ళనుంచీ చన్నీళ్ళే." ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

"రేపు గెడ్డకి వెళ్ళకు. తవిటయ్య వంతు నువ్వు తీసుకో. ఆయనకి నేను పొయ్యి మీద కాచి ఇస్తాను."

మర్నాడు పొద్దున్న తొమ్మిదిమంది స్నానాలూ అయ్యేదాకా అప్పలసూరి తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో నిలబడ్డాడు. చలిగాలి ఎముకల్లోకి దిగింది. తన వంతు వచ్చి కొళాయి తిప్పితే గీజరు గొణిగింది, సణిగింది, చివరికి ఎర్రటి నీళ్ళు సన్నగా వదిలింది. బకెట్ సగం నిండేసరికే వాటి వెచ్చదనం పోయింది.

గెడ్డలో అయితే గుండె దిటవు చేసుకుని దిగేవాడు. ఇక్కడ వేడినీళ్ళని నమ్మి చెంబు ఎత్తాడు. మొదటి చెంబుకే ఊపిరి ఆగినంత పనైంది.

పళ్ళు టకటకలాడుతుండగా బయటికి వస్తే గుమ్మం దగ్గర అచ్చియ్యమ్మగారు కంబళి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నీళ్ళెలా ఉన్నాయి సూరీ?"

"బాగున్నాయి అమ్మగారూ."

ఏడేళ్ళ అలవాటు. మాట దానంతటదే వచ్చేసింది. అది తన చెవిన పడేసరికి అతను ఉన్నచోటే నిలిచిపోయాడు.

ఆవిడ అతనికి కంబళి కప్పి, వంటింటి వైపు నడిచారు. అతనూ వెనకే వెళ్ళాడు.

అక్కడ పొయ్యి పక్కన తవిటయ్య స్నానం ముగించి కూర్చుని ఉన్నాడు. నెత్తిమీంచి ఆవిర్లు లేస్తున్నాయి. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. అప్పలసూరికి ఆ ముఖంలోకి చూడడానికి సిగ్గేసింది.

వెనక్కి వెళ్ళి గీజరు స్విచ్చి కట్టేశాడు. గిన్నె తీశాడు. నోటుపుస్తకంలో విశాఖపట్నం భక్తుడి ఫోన్ నంబరున్న కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. తక్కిన పుస్తకం పొయ్యిలో వేసి, మర్నాటి స్నానాలకి నీళ్ళు కాచే పెద్ద గుండిగ ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు.