నత్త గుమ్మంలో ముగ్గు

ఒకప్పుడు నత్త నడిచిన చోట గీత పడేది కాదు. దాని పాదం మీ అరచేతిలాగే పొడిగా ఉండేది. అది వచ్చిందో, పోయిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో పొలం గట్టు మీది ప్రాణులన్నీ పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గు వేసుకునేవి. చీమ తన కన్నం చుట్టూ మన్ను గుండ్రంగా పోసేది. ఎండ్రకాయ బురద ఉండలు చేసి వరసగా పేర్చేది. సాలీడు సంగతి చెప్పక్కర్లేదు, ముగ్గుని ఏకంగా గుమ్మానికే వేలాడదీసేది.

నత్త మాత్రం వేసేది కాదు. "ఇల్లు వీపున మోసుకు తిరిగేదాన్ని, నాకు వాకిలెక్కడిది?" అనుకునేది. కాస్త బద్ధకం కూడా ఉందిలెండి.

దాని ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. దాని గుమ్మం దగ్గరికొచ్చేసరికి అందరూ మాటలు ఆపేసి, తల దించుకుని దాటిపోయేవారు. నత్తకి ఏడుపొచ్చేది. రోజంతా పలకరించే దిక్కు లేక, సాయంత్రానికి దాని గొంతు దానికే కొత్తగా వినిపించేది.

ఒకనాడు ఉండబట్టలేక చీమని ఆపింది. "చీమక్కా, నేనేం తప్పు చేశానని మా ఇంటికి రారు?"

చీమ నోట్లోని నూక కింద పెట్టింది. "తప్పేముందమ్మా? నీ గుమ్మంలో ముగ్గు లేదు కదా, ఇంట్లో ఎవరో పోయారనుకున్నాం. పదకొండు రోజులూ పోనిచ్చి వద్దామనుకున్నాం. పన్నెండో రోజూ ముగ్గు లేదు. పాపం, ఇంకెవరో పోయారనుకున్నాం."

"ఎవరూ పోలేదక్కా. ఉన్నదే నేనొక్కదాన్ని," అంది నత్త. ఆ మాట పైకి అన్నాక దానికి ఇంకా దిగులేసింది.

"మరైతే ముగ్గెయ్యి. అందరూ వస్తారు."

వెయ్యడానికి చేతులేవీ? పిండేదీ? నత్త దగ్గర ఉన్నదల్లా కాస్త జిగురు. ఎండాకాలంలో తలుపు మూసుకోవడానికి దాచుకున్నది. అది లేకపోతే ఎండకి లోపలే ఎండిపోతుంది. నత్త చాలాసేపు ఆలోచించింది. ఎవరూ రాని ఇంటికి తలుపెందుకు అనుకుంది. ఆ జిగురు పాదానికి పూసుకుని ముగ్గు మొదలుపెట్టింది.

వంపు తిప్పింది, మెలిక వేసింది. ఎండ పడగానే ముగ్గు వెండిలా మెరిసింది. అలాంటిది గట్టు మీద ఎవరూ వెయ్యలేదు. కానీ నత్త గీస్తూ పాకుతుంటే ఇల్లూ దానితోపాటే కదిలింది. ముగ్గు పూర్తయ్యేసరికి గుమ్మం దూరంగా ఒక రాయి కిందికి చేరింది.

కప్పా, ఎండ్రకాయా వచ్చి ముగ్గు ముందు ఆగాయి.

"ఎంత బాగా వేశారో చూడు. ఈ ఇంటి నిండా జనం ఉండుంటారు," అంది కప్ప.

"అవును, మనం వెళ్తే వాళ్ళ సందడికి అడ్డమేమోలే," అంది ఎండ్రకాయ.

"నేనొక్కదాన్నే, రండి," అని నత్త రాయి కింద నుంచి పిలిచింది. ఆ గొంతు వాళ్ళదాకా పోలేదు. వెనక్కి తిరిగి గబగబా పాకింది. నత్త గబగబా అంటే మీకు తెలుసుగా. అది చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముగ్గు దగ్గర ఎవరూ లేరు, వాళ్ళ కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. తన వాకిట్లో ఎవరైనా ఆగడం అదే మొదటిసారి. నత్త ఆ గుర్తుల పక్కనే చాలాసేపు ఉండిపోయింది.

అప్పటినుంచే నత్త ఎటు వెళ్ళినా, జిగురు దాచుకోకుండా, వెనకాల మెరిసే గీత గీసుకుంటూ వెళ్తోంది. ఆ గీత చూసి ఆగినవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని వెంట గుమ్మందాకా వెళ్ళినవాళ్ళు మాత్రం ఇప్పటికీ లేరు.