పదకొండో పూత

త్రివేణి కారు బోనెట్ మీద ఎవరిదో వేలిముద్ర పడింది.

ఎవరిదో అనడం మర్యాద కోసం. అప్పుడు గదిలో ఉన్నది ముగ్గురు. ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చున్నాడు. త్రివేణి చేతులు కడుక్కుంటోంది. మూడోవాడు యోహాను. కుడి చూపుడువేలు పైకెత్తి, దాని కొసన అంటిన నల్లరంగుని కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

“ఆరిందేమో అనుకున్నా అక్కా.”

కారంటే రోడ్డు మీద తిరిగేది కాదు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు, జానెడు పొడవుండే పాత ఫియట్. పెట్టెలో విడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కారుని త్రివేణి ఎనిమిది నెలలుగా ముక్కా ముక్కా అతుకుతోంది. పరాయి దేశపు పెట్టె కాబట్టి స్టీరింగు ఎడమవైపు వచ్చింది. డ్యాష్‌బోర్డు కోసి, తిప్పి, మన పద్ధతిలో కుడివైపుకి మార్చింది. వెనక అద్దానికి కట్టడానికి కుచ్చుల తెరలు కుట్టింది. టాపు మీద సామాన్లు పెట్టుకునే క్యారియర్ని గుండుసూదులతో అల్లింది. పగలు ఆమె ఉద్యోగం దంతాల ల్యాబ్‌లో కట్టుడుపళ్ళు చేయడం. బెజవాడలో చాలామంది పెద్దమనుషులు ఆవిడ చేసిన పళ్ళతోనే నవ్వుతారు. అలాంటి మనిషి, తన కారు మీద వేలు పడితే నవ్వి ఊరుకుంటుందా?

ఊరుకోలేదు.

“ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? పొద్దస్తమానం బస్సులో కమ్మీలు పట్టుకుని వేలాడే చేతులు నా కారు మీద పెడతావా? నీకు నేర్చుకోవడం రాదు. పక్కవాళ్ళది పాడుచేయడం వచ్చు.”

యోహాను ఆర్టీసీ కండక్టరు. మాటకి మాట అనకపోతే అన్నం అరగని రకం. అలాంటివాడు ఆ పూట వేలు ప్యాంటుకి తుడుచుకుని, “డ్యూటీ టైమైంది,” అని మెట్లు దిగిపోయాడు.

ఆదివారం అతనికి డ్యూటీ లేదని ముగ్గురికీ తెలుసు.

జిలానీ ఉస్తాద్ నలభై ఏళ్ళు ఆటోనగర్‌లో కార్లకి రంగులేశాడు. మోకాళ్ళు మొరాయించాక షెడ్డు కొడుక్కి అప్పజెప్పి, పైగదిలో కూర్చుని చిన్న కార్లు కడుతున్నాడు. ఆదివారాలు త్రివేణి, యోహాను వచ్చి నేర్చుకుంటారు. కింద టింకరింగ్ సుత్తులు, పైన ఊదితే ఎగిరిపోయే చక్రాలు.

ఆ గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఆరు కార్లు. ఒకటి ఉస్తాద్‌ది, నీలం రంగు మోరిస్. మిగతా అయిదూ ఇన్నేళ్ళలో ఆయన దగ్గర పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళవి. ఉస్తాద్ నోటితో ‘బాగుంది’ అనే మనిషి కాదు. బీరువా తాళం తీశాడంటే, ఇక నీకు నేర్పాల్సింది లేదని.

త్రివేణి వచ్చి నాలుగేళ్ళయింది. ఆ తాళంచెవి కోసం ఆవిడ చూసినట్టు పెళ్ళిలో భోజనాల పిలుపు కోసం కూడా ఎవరూ చూడరు. బీరువాలో ఖాళీ లేదు. కానీ మోరిస్ రెండు వేళ్ళ మేర పక్కకి జరిగితే ఫియట్ పడుతుందని ఆవిడ ఎప్పుడో కొలిచి పెట్టుకుంది.

ఆ మోరిస్‌కి ఒక లోపం ఉంది. దాన్నీ ఆవిడే కనిపెట్టింది, వచ్చిన మొదటి ఏడాదే.

“ఉస్తాద్, మీ కారు టాపు మీద బొటనవేలి ముద్ర ఉంది. రెండువేల నంబరు వాటర్ పేపర్ ఇవ్వండి, తడిపి రుద్ది పది నిమిషాల్లో లేపేస్తాను.”

“వద్దులేమ్మా. అది నాది కాదు.”

“ఎవరిదో తేలాలంటే పోలీసు కుక్కని పిలవాలి ఉస్తాద్,” అన్నాడు యోహాను.

ఉస్తాద్ నవ్వాడు. అంతే. తప్పు తనది కాదంటున్నాడు కాబోలు పెద్దాయన, అనుకుంది త్రివేణి.

సరే, వేలిముద్ర పడింది రెండో పూత మీద. దాన్ని వాటర్ పేపర్‌తో రుద్ది, మరుసటి ఆదివారం మూడో పూత వేసింది. ముద్ర పోయింది. టాపు మీద ఒక దుమ్ము రేణువు చేరింది. రుద్ది నాలుగోది వేసింది. ఈసారి వెంట్రుక. అదీ తనదే. తలకి గుడ్డ చుట్టుకుని అయిదోది వేస్తే, రంగు కమలాతొక్కలా గరుగ్గా దిగింది.

ఆపైన ఆవిడ గదికే నియమాలు పెట్టింది. దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లడం ఆటోనగర్‌లో అందరూ చేసేదే. త్రివేణి గోడలకి కూడా చల్లింది. కిటికీ మూత, ఫ్యాను బంద్, తలుపుకి గడియ. రంగు ఆరేదాకా లోపలికి ఎవరూ రాకూడదు.

యోహాను రెండు ఆదివారాలు మెట్ల మీద నుంచే పిలిచాడు.

“అక్కా, రావచ్చా?”

“ఆరలేదు.”

“నా అంబాసిడర్ లోపలుంది.”

“ఉంటే ఏం? నాలుగు నెలల్నుంచి చక్రాల్లేవు దానికి. ఎక్కడికీ పారిపోదు.”

మూడో ఆదివారం అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఇక ఉస్తాద్ సంగతి. ఆ గది ఆయనది. కుర్చీ ఆయనది. రంగు డబ్బాలు ఆయనవి. పాపం ఆయనా మెట్ల మీదే కూర్చున్నాడు. ముక్కలు కోసుకోగా మిగిలిన ప్లాస్టిక్ చట్రం ఒకటి చేతిలో పట్టుకుని బ్లేడుతో గీరుతూ ఉండేవాడు. త్రివేణి నీళ్ళ బకెట్‌తో ఆయన్ని దాటుకుంటూ ఒకసారి అడిగింది.

“ఏం చేస్తున్నారు ఉస్తాద్?”

“ఒకావిడ వస్తుందమ్మా.”

“ఎవరు?”

“వచ్చాక చూద్దువుగాని.”

పెద్దాయనకి చాదస్తం పట్టుకుందనుకుని త్రివేణి నీళ్ళు పారబోసి వచ్చింది.

పదకొండో పూతకి కుదిరింది.

దుమ్ము లేదు, వెంట్రుక లేదు, గరుకు లేదు. బోనెట్‌లోకి వంగి చూస్తే ముక్కుపుడక రాయి కూడా కనిపించింది. కారు ఒంటిని చక్రాల మీదికి దింపి, బల్ల మధ్యలో తెల్లగుడ్డ పరిచి, దాని మీద పెట్టింది. అప్పుడు గడియ తీసి పిలిచింది.

ఉస్తాద్ మోకాలు పట్టుకుని లేచి వచ్చాడు. లైటుని దగ్గరికి లాక్కున్నాడు. వంగి అటు చూశాడు, ఇటు చూశాడు.

“ముట్టుకోవచ్చా?”

త్రివేణి కొంచెం తటపటాయించింది. “గ్లౌజులు వేసుకుంటారా ఉస్తాద్?”

ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

“ఎన్ని పూతలమ్మా?”

“పదకొండు.”

“ఊఁ.”

ఉస్తాద్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. తాళంచెవి ఉండే జేబే. త్రివేణి బీరువాకి అడ్డు తప్పుకుంది.

జేబులోంచి తాళంచెవి రాలేదు. వేలెడంత మనిషి వచ్చింది. ప్లాస్టిక్ చట్రంలోంచి చెక్కిన మనిషి. చంకలో సంచి, చేతిలో మడిచిన గొడుగు, కొంగు నడుముకి దోపుకున్న ఒక పెద్దావిడ. ఉస్తాద్ ఆవిడని తీసుకెళ్ళి కారు పక్కన నిలబెట్టాడు.

“చాలాసేపట్నుంచి నిలబడి ఉందమ్మా ఈవిడ. ఎండగా ఉంది. ఎక్కించు.”

త్రివేణి నవ్వింది. ఇంతేనా అనుకుని పట్టకారు అందుకుంది. ఈ కారు తలుపులు తెరుచుకునేవి కావని ఆయనకీ తెలుసు. అయినా పెద్దాయన సరదా. ఇదిగో, ముందు తలుపు ఇక్కడ, అని పట్టకారు కొసతో చూపించబోయింది.

కొస గాలిలో ఆగిపోయింది.

ఇలాంటి కార్లకి తలుపంటే ఒక గీత. ప్లాస్టిక్‌లో వెంట్రుకంత లోతున తవ్విన గాడి. ఆ గీత ఉంటే చాలు, మిగతా తలుపుని కన్నే తయారు చేసుకుంటుంది.

గీత లేదు.

కారుని అటు తిప్పింది. ఎడమవైపూ లేదు. వెనక తలుపు లేదు. డిక్కీ లేదు. బోనెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లేదు. పూత మీద పూత పడి గీతలన్నీ పూడిపోయాయి. తలుపు పిడి ఒక్కటే మిగిలింది, దేనికి పిడో తెలియకుండా. మిగతాదంతా నల్లగా, నున్నగా, తడి సబ్బుబిళ్ళలా మెరుస్తోంది.

దాని పక్కన ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడే ఉంది.

త్రివేణి తలెత్తేసరికి ఉస్తాద్ టీ తాగడానికి మెట్లు దిగుతున్నాడు. పోతూ పోతూ గది తలుపు బార్లా తీసి వెళ్ళాడు. కింద ఎవరో లారీ స్టార్ట్ చేశారు. దుమ్ము లేచి గదిలోకి వచ్చింది.

త్రివేణి లేచి తలుపు వేయలేదు.

కాసేపటికి ఆవిడే కిందికి దిగి, షెడ్డులో ఉస్తాద్ కొడుకుని బ్రేక్ ఆయిల్ అడిగింది.

“ఏ బండికక్కా?”

“నాదానికే.”

ప్లాస్టిక్ కార్లు కట్టేవాళ్ళకి బ్రేక్ ఆయిల్ అంటే భయం. అందులో ముంచితే కారుకేమీ కాదు, రంగు మాత్రం మిగలదు. త్రివేణి స్టీలు గిన్నెలో పోసి, పదకొండు పూతల ఫియట్ ఒంటిని చక్రాల మీంచి తీసి, తన చేత్తోనే ముంచింది. సాయంత్రానికి రంగు నల్లటి పొరలుగా ఊడి రావడం మొదలైంది. పాత టూత్‌బ్రష్‌తో తోమింది. తోమడం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు బోనెట్ గీత బయటపడింది. తర్వాత తలుపులు, ఒక్కొక్కటే. ఊడిరాని చోట బ్లేడు వీపుతో నెమ్మదిగా గీసింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి బోనెట్ తోముతున్నప్పుడు మాత్రం చెయ్యి ఒకసారి ఆగింది. లైటు కిందికి వంచి చూసింది. వేలిముద్ర ఎక్కడుంటుంది? దాన్ని రెండు నెలల కిందటే రుద్దేసింది.

ఫోన్ తీసింది.

“యోహానూ, ఈ ఆదివారం నీకు డ్యూటీ ఉందా?”

అవతల బస్సు హారన్ మోగింది. ఎవరో చిల్లర గురించి అరుస్తున్నారు.

“ఉందో లేదో నువ్వే చెప్పక్కా.”

“లేదు.”

“అయితే లేదు.”

ఆదివారం అతను వచ్చేసరికి తలుపు తీసి ఉంది. కిటికీ తీసి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఉస్తాద్ తన కుర్చీలో తను కూర్చున్నాడు. ఫియట్ ఒళ్ళు ఖాళీ దగ్గుమందు సీసా మీద బోర్లించి ఉంది, వారంలో వేసిన రెండిటి మీద అప్పుడే పల్చగా పడిన మూడో పూతతో. తలుపుల గీతలు కాటుక దిద్దినట్టున్నాయి. టాపు మీద ఒక దుమ్ము రేణువు దర్జాగా కూర్చుని ఉంది. సీసా పక్కనే గొడుగు పెద్దావిడ.

యోహాను గుమ్మం దగ్గరే ఆగాడు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

“ఎవరక్కా ఆవిడ?”

“ప్యాసింజరు.”

“ఎందాకా?”

“ఎక్కాక అడుగుదాం.”

అతను నవ్వబోయి మానేశాడు. అడుగు ముందుకేశాడు, ఇంకొకటి వేశాడు, బల్లకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు. రంగు మీద వెలుగు తడితడిగా కదులుతోంది.

“ఆరిందా?” అన్నాడు మెల్లగా.

త్రివేణి సీసాని అతని వైపు జరిపింది.

“నువ్వే చూడు.”

యోహాను ఉస్తాద్ వంక చూశాడు. ఉస్తాద్ కిటికీలోంచి ఎదుటి షెడ్డులో ఎవరిదో బంపర్ వంక ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. యోహాను కుడిచెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలిని ప్యాంటుకి ఒకసారి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. బోనెట్ మీద ఆనించాడు.

వేలు తీశాక అక్కడేం మిగిలిందో త్రివేణి వంగి చూడలేదు.

వెనక తాళం తెరుచుకున్న చప్పుడైంది. ఉస్తాద్ బీరువా ముందు నిలబడి, తన మోరిస్‌ని టాపు మీది పాత వేలిముద్ర పక్కన పట్టుకుని, రెండు వేళ్ళ మేర పక్కకి నెడుతున్నాడు.

“కాస్త జరగాలి బాబూ, జరగాలి,” అన్నాడు దానితో. “మనుషులు ఎక్కుతున్నారు.”