లోహిత్ గుప్పిట విప్పిన రోజు

“వచ్చే ఉగాదికల్లా మండలానికొక థెరపిస్టు ఉంటారు. ఏ తల్లీ బిడ్డను చంకనేసుకుని రెండు బస్సులు మారే పని ఉండదు. ఇది నా మాట.”

మా శిక్షణ కేంద్రం తెరిచిన రోజున రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి అన్న మాట ఇది. ఆయన ఫోటోతో సహా ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి గోడకు కట్టారు. తరువాత రెండు ఉగాదులు వెళ్లిపోయాయి. కండరాలు బిగుసుకుపోయిన పసిపిల్లలకు కదలిక నేర్పే విద్యను మొదటి బ్యాచ్‌లో పన్నెండుమంది నేర్చుకున్నారు. ఒక్కరికీ పోస్టింగు రాలేదు. ఒకతను జిమ్‌లో బరువులు ఎత్తిస్తున్నాడు. ఒకామె సెల్‌ఫోన్ల షాపులో నిలబడుతోంది. ఆ ఫ్లెక్సీని రెండో బ్యాచ్ వాళ్లం ఊడదీసి, నేల చెమ్మ పైకి రాకుండా చాపల కింద పరిచాం. పిల్లలు ఇప్పుడు ఆ మాట మీదే పడుకుంటారు.

మాకు నేర్పేది ఎస్తేరు రాణి మేడం. ఆవిడకొక అలవాటు ఉంది. పొద్దున్నే, ఏ బిడ్డనూ ముట్టుకోకముందు, మాలో ప్రతి ఒక్కరూ ఆవిడ ముంజేయి పట్టుకోవాలి. ఆవిడ కళ్లు మూసుకుంటారు. “నువ్వు టిఫిన్ తినలేదు.” “నువ్వు ఇంట్లో పోట్లాడి వచ్చావు.” చాలాసార్లు నిజమే అయ్యేది. అలాంటివాళ్లను వేడినీళ్ల బకెట్ దగ్గరకు పంపేవారు, చేతులు మెత్తబడేదాకా ముంచి ఉంచమని. నన్ను మాత్రం ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. “ఏం ఉద్యమం, వచ్చావా?” అనేవారు. నేను కాదనలేదు. నా నోటు పుస్తకం అట్ట మీద ‘బిగిసిన పిడికిలే బలం’ అని ఎర్ర సిరాతో రాసుకున్నవాణ్ణి, ఎలా కాదంటాను?

జులై మూడో సోమవారం నా వంతు రాకముందే అడిగేశాను.

“మేడం, పోస్టింగుల కోసం ఇంకెంతకాలం ఆగాలి? హక్కు బిచ్చం కాదు. ఆలస్యమైన న్యాయం అన్యాయమే. ఓపిక పట్టమని చెప్పేవాడెప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడే!”

“బాగుంది. ఎక్కడ చదివావు?”

“చాలాచోట్ల.”

“సరే, పైడితల్లి వచ్చింది. బిడ్డను చూడు.”

ఆ పూట ఆవిడ నాకు ముంజేయి ఇవ్వలేదు. నేను గమనించనేలేదు.

పైడితల్లి కొడుకు లోహిత్‌కి ఎనిమిది నెలలు. కాళ్లు కత్తెరలా పెనవేసుకుంటాయి. రెండు గుప్పిళ్లూ బిగుసుకుని ఉంటాయి, బొటనవేళ్లు లోపల. ఆరు వారాలుగా వస్తున్నా వెల్లకిలా పడుకున్నవాడు పక్కకు తిరగలేదు. పైడితల్లి వాణ్ణి చాప మీద పడుకోబెడుతూనే చెప్పేసింది.

“ఈయేళ కూడా ఏటీ నేకపోతే మరి రాను బాబూ. రెండు బస్సులు మారి ఈడ్సుకు రావడం దేనికని మా అత్త సెప్పీసింది.”

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. వాడి తుంటి మీద చేతులు వేసి పక్కకు తిప్పుతూ అన్నాను. “రెండు బస్సులు మీరెందుకు మారాలమ్మా? మీ మండలంలోనే ఉండాలి. అది మీ హక్కు!”

ఆ మాటకు లోహిత్ చేతులు రెండూ గాల్లోకి ఎగిరి, ఒళ్లంతా కర్రలా బిగిసింది. మళ్లీ తిప్పాను, మళ్లీ చెప్పాను. మళ్లీ ఉలిక్కిపడి, ఈసారి ఏడుపు అందుకున్నాడు.

“మెల్లగా సెప్పండి బాబూ, గుంటడు జడుసుకుంటన్నాడు,” అంది పైడితల్లి. “నాను ఇనేసినాను గదా, ఆడికెందుకు?”

పక్క చాపల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మేడం వచ్చి నా పక్కన కూర్చున్నారు. బిడ్డను నా దగ్గర్నుంచి తీసుకోలేదు. తన ముంజేయి చాపి, “ఇప్పుడు పట్టుకో,” అన్నారు. పట్టుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

“ఇలా గుంజి పట్టావు, ఇది ఎవరి కాలరు అనుకున్నావు?”

చేయి వదిలాను. నా బొటనవేలు పడిన చోట ఆవిడ చర్మం మీద తెల్లటి మచ్చ ఏర్పడింది. నా అంతట నేనే లేచి వేడినీళ్ల దగ్గరకు వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి లోహిత్ ఏడుపు తగ్గింది. “తిప్పకు,” అన్నారు మేడం. “తుంటిని వేలెడంత వంచి, అడుగు. చేత్తోనే. జవాబు వచ్చేదాకా ఆగు.”

ఆగాను. వాడు పైకప్పు చూస్తున్నాడు. నా మోకాళ్లు తిమ్మిరెక్కాయి. చెమట ముక్కు చివరకు వచ్చి ఆగింది. పావుగంట పైనే అయింది. విసుగొచ్చి పైడితల్లి జుట్టు ముడి సర్దుకోబోయింది. వాడి ఎడమ పక్కన గాజులు గలగలమన్నాయి.

ముందు కళ్లు వెళ్లాయి, ఆ వెనకే గడ్డం. పెనవేసుకున్న కాళ్లలో ఒకటి సడలింది. అప్పుడు, నా కళ్లెదుటే, కుడి గుప్పిట లోంచి బొటనవేలు బయటకు వచ్చింది! ఒక్కొక్క వేలూ విచ్చుకుంది. ఆ చేయి గాజుల వైపు సాగింది, దాని వెనక భుజం కదిలింది. నా అరచేతి కింద వాడి బరువు జరిగింది. నేను జరపలేదు, నిజంగా నేను జరపలేదు, వాడే జరిగాడు! నా గొంతులో పెద్ద కేక పుట్టింది. మింగేశాను. మా బ్యాచ్‌లో మిగతా పదకొండుమందీ చాపల దగ్గర్నుంచి లేచి నిలబడ్డారు. లోహిత్ పక్కకు తిరిగి, తల్లి గాజు పట్టుకుని, దాన్ని నోట్లో పెట్టుకోబోయాడు.

పైడితల్లి చేయి వెనక్కి తీసుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా తీసుకోలేదు.

“సోమారం మల్లీ వస్తాను,” అంది గొంతు తగ్గించి. “మా అత్తకి నాను సెప్పుకుంటాను.”

ఆమె మొదటి బస్సు ఎక్కాక, మొదటి బ్యాచ్‌కి పోస్టింగులు అడుగుతూ నేను రాసుకున్న వినతిపత్రం సంచీలోంచి తీసి మేడం ముందు పెట్టాను.

“అర్థమైంది మేడం. కానీ పోస్టింగులు ఇవ్వాల్సిన ఈ పెద్దల కోసం కూడా ఇలాగే ఆగమంటారా?”

ఆవిడ మొత్తం చదివారు. పెన్ను తీసి నినాదాలన్నీ కొట్టేశారు. పన్నెండుమంది పేర్లు, రెండు బస్సుల మాట, ఆ పెద్దమనిషి ఇచ్చిన మాట మిగిలాయి. అడుగున తన సంతకం చేశారు.

“వాడికి కండలు బిగిశాయి కాబట్టి ఆగాం. వీళ్లకేం బిగిసింది?”

కాగితం నా వైపు తిప్పి, జవాబు కోరే తేదీ రాయాల్సిన ఖాళీ మీద వేలు పెట్టారు.

“పదిహేను వెయ్యకు. ఆరోజు వాళ్లు జెండా కింద మాట్లాడతారు, జవాబులివ్వరు. ఆగస్టు పదహారు వెయ్యి.”