ఊటగుంట దారి

చెంగల్రాయస్వామి గారికి అడిగిన వెంటనే బదులు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, భుజాన తువ్వాలు వేసుకుని ఎటో నడుచుకుంటూ వెళ్ళిపోయేవారు. బదులు ఆ సాయంత్రమే దొరకొచ్చు, ఏడాదికి దొరకొచ్చు, అసలు దొరక్కనే పోవచ్చు. కొత్తవాళ్ళకు ఇది గొప్పగా ఉండేది. నాలాంటి పాతవాళ్ళం మాత్రం లోపల్లోపల విసుక్కునేవాళ్ళం.

ఒక మాఘమాసపు సాయంత్రం, సంచారం నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆయన్ని శిష్యుడు మునిరత్నం అడిగాడు: "అయ్యా, ఎవరిదీ కాని భూమిని మంచి పనికి తీసుకుంటే తప్పవుతుందా?"

ప్రశ్న ఊరికే పుట్టలేదు. మా ఆశ్రమం అంటే కొండ కింద రెండు పెంకుటిళ్ళు, అంతే. వాటి వెనక మొదలయ్యే కొండంతా సర్కారుది. చుట్టుపక్కల పల్లెల గొడ్లు అక్కడే మేసేవి, కొండవాలున ఉన్న ఊటగుంటలో నీళ్ళు తాగేవి. గురువుగారు ఆషాఢంలో సంచారం వెళ్ళగానే మునిరత్నం ఆ వాలుకు, ఊటగుంటతో సహా, ముళ్ళతీగ చుట్టించాడు. పొదల కొసలకు అక్కడక్కడా గడ్డి ముడివేసి ఉంటే, పిల్లల ఆట కాబోలనుకుని అన్నీ విప్పి పారేశాడు. లోపల నందివర్ధనం, పారిజాతం, ఉసిరి నాటాడు. మనిషి సోమరి కాడు, దొంగా కాడు. తెల్లారకముందే లేచి కడవలతో నీళ్ళు మోసి ఆ మొక్కల్ని పసిపిల్లల్లా సాకాడు. మాఘానికి కొండంతా ఎండిపోయినా తీగ లోపల మాత్రం కంటికి చలవగా పచ్చగా ఉండేది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

ఆ ప్రశ్న అడిగిన రోజు మధ్యాహ్నం పక్క పల్లె గంగులమ్మ తన నల్లావును తోలుకుని కంచె దగ్గరికి వచ్చింది. ముసలిది, ఒంటరిది. ఆ ఆవు పాలే ఆమె కూడు.

"సామీ, మా దారి యాడికి పోయింది?" అంది.

"ఇప్పుడది ఆశ్రమం తోటమ్మా. కొండ చుట్టూ తిరిగిపో, అవతల మడుగు ఉంది కదా" అన్నాడు మునిరత్నం.

"వానాకాలం యాడ బడితే ఆడ నీళ్ళు, కాబట్టి సరిపోయింది. ఇప్పుడు దినమూ అంత దూరం తిరగాలంటే నా కాళ్ళు రావు సామీ. రేపు సంతకి తోలేస్తా, ఇంకేం జేసేది" అని ఆవిడ వెనక్కి తిరిగింది. అరిచిందీ లేదు, శాపం పెట్టిందీ లేదు. ఆవు మాత్రం కదల్లేదు. ఒకప్పుడు దారి ఉన్న చోటే, తీగకు ముట్టె ఆనించి నిలబడిపోయింది. తాడు పట్టి లాగితే గానీ రాలేదు.

ఆ ఆవు నిలబడ్డ తీరు మునిరత్నం మనసులో ముల్లులా దిగింది. అందుకే ఆ ప్రశ్న. తప్పు కాదని గురువుగారి నోట ఒక్క మాట వింటే హాయిగా నిద్రపోదామని అతని ఆశ. ఆయన ముఖం చూశారు, తువ్వాలు వేసుకున్నారు, వెళ్ళిపోయారు. నేనైతే నాలుగు చీవాట్లు పెట్టి ఉండేవాణ్ణి!

ఆ తర్వాతి సంగతి మునిరత్నమే నాకు చెప్పాడు.

తెల్లారేసరికి మంచు కమ్మేసింది. కొండ లేదు, ఆశ్రమం లేదు, తన చేతిలో ఉన్న కడవ కూడా సగమే కనిపిస్తోంది. ఆకుల మీంచి మంచుబొట్లు రాలుతున్న చప్పుడు వినిపిస్తోందట, అంత నిశ్శబ్దం. నడుస్తున్నాడో నిద్రలోనే ఉన్నాడో తెలియని స్థితిలో ఊటగుంట గట్టున కూర్చున్నాడు. ఈ లోకంలో ఈ తోటా తనూ తప్ప ఇంకేమీ లేనట్టుగా, ఎంతో సుఖంగా ఉందట.

అప్పుడు ఎక్కడో మెడగంట మోగింది. మెల్లగా దగ్గరికి వచ్చింది. కంచె దాకా వచ్చి ఆగింది.

"లోపల ఎవరండీ? ఈ ఆవును ఒక్కసారి నీళ్ళకు పోనిస్తారా?" చలికి నోటి మీదుగా గుడ్డ చుట్టుకున్న మనిషి గొంతు అది. మంచులో ఆడో మగో కూడా తెలియలేదు.

మునిరత్నానికి చిర్రెత్తింది. నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పాలా! "ఇది ఆశ్రమం తోట. దారి లేదు. చుట్టూ తిరిగి పోండి!" అని కసిరాడు.

"అట్లాగే, నాయనా" అంది ఆ గొంతు.

ఆ 'నాయనా' వినగానే అతను గట్టు మీంచి దిగ్గున లేచాడు. తనను అట్లా పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. గంట అప్పటికే కదిలింది, కంచె పక్కనుంచే కొండ చుట్టూ పోతోంది. "అయ్యా! ఆగండయ్యా!" అని అరుస్తూ పరుగెత్తాడు. మంచులో తను కట్టించిన తీగే తన మీద పడ్డట్టయింది. పంచె చిరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది. అటువైపు తలుపు పెట్టాలని అతనికి తోచనే లేదు మరి. రాళ్ళకు బిగించిన తీగను వట్టి చేతులతో పీకడం మొదలుపెట్టాడు, ఏడుస్తూనే. గంట మోగడం ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి వచ్చింది.

తీగ పక్కకు పడగానే ముందు నల్లావు వచ్చింది. ఎవరూ అదిలించకుండానే తన పాత దారి పట్టుకుని, మొక్కల నడుమగా, సరాసరి గుంటలోకి దిగింది. దాని వెనక గంగులమ్మ. సంతకు తోలేముందు ఒక్కసారి ఈ ఊటనీళ్ళు తాగిద్దామని తెచ్చిందట, దారిలో అయ్యోరు కలిశారట. ఆవు తాగుతుంటే దాని వీపు నిమురుతూ, "ఇంక సంతకి పోవాల్సిన పనిలేదులేవే" అని గొణుక్కుంది. ఆవిడ ముఖం చూడలేక మునిరత్నం తల దించుకున్నాడు.

గురువుగారు చివర వచ్చారు. కంచె పడిన చోట వంగి, నాలుగు గడ్డిపరకలు తెంపి, పక్కనున్న పొద కొసకు ముడివేశారు.

"అదేమిటయ్యా?"

"ఈ ఏడు ఈ వాలున మేపొద్దని. నీళ్ళకు మాత్రం పోవచ్చు. వచ్చే ఏడు అవతలి వాలున కడతారు. మా తాతల నాటినుంచీ ఇదే ఇక్కడి కంచె."

విప్పి పారేసినవన్నీ కళ్ళముందు మెదిలాయి మునిరత్నానికి. "అయ్యా, నిన్నటి నా ప్రశ్న..." అన్నాడు.

గురువుగారు నోటి మీది గుడ్డ తీసి తువ్వాలుగా భుజాన వేసుకున్నారు.

"చిన్నప్పటి నుంచీ ఈ దారిన నడుస్తున్నా. ఏనాడూ ఎవరినీ అడగలేదు. ఇవాళ మొదటిసారి అడిగాను, నాయనా. పొమ్మన్నారు."