పెద్ద టైర్ల జీపు

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు గుంపులుగా ఉండేవి. జింకలు మందలుగా ఉండేవి. కొండముచ్చులైతే చెట్టు చెట్టుకూ ఉండేవి. ఎలుగుబంటి మాత్రం ఒక్కటే ఉండేది. దాని పేరు గుబురయ్య.

గుబురయ్యకు పిల్లలు లేరు, చుట్టాలు లేరు. ఉన్నదల్లా ఒక పాత జీపు, ఒక స్నేహితురాలు. ఆ జీపు కానుగ నూనెతో నడిచేది. నూనె ఆడించి ఇచ్చేది సూరమ్మ అనే ముళ్లపంది. ఆమె కానుగ గింజలు ఏరి, ఎండబెట్టి, తన చిన్న గానుగలో ఆడించేది. సంత రోజు పొద్దున్నే కుండెడు నూనె తెచ్చి జీపులో పోసి, ముందు సీట్లో కూర్చునేది. ఆమె ముళ్లకు సీటంతా చిల్లులు పడ్డాయి. గుబురయ్య ఏనాడూ ఒక్క మాట అనలేదు.

సంత వాగు రేవు దగ్గర జరిగేది. పోవడానికి ఇరవై కిలోమీటర్లు, రావడానికి ఇరవై అని జీపు మీటరు చూపించేది. కుండెడు నూనెతో హాయిగా వెళ్లి రావచ్చు. దారి పొడుగునా సూరమ్మ కబుర్లు చెప్పేది. ఎవరి పిల్లకు పళ్లొచ్చాయి, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆమెకే కావాలి. గుబురయ్య ఊఁ కొడుతూ బండి నడిపేవాడు. వారం మొత్తంలో అతడితో ఎవరైనా మాట్లాడేది ఆ ఒక్క రోజే.

అడవి అంచున తోకరాజు అనే కొండముచ్చు టైర్ల కొట్టు పెట్టాడు. ఒకరోజు గుబురయ్యను ఆపి, జీపు చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"ఏం గుబురయ్యగారూ, ఇంత ఒళ్లు పెట్టుకుని ఈ బొమ్మ చక్రాల మీద తిరుగుతున్నారా? ఇదిగో, ఈ పెద్ద టైర్లు వేయించుకోండి. అడవి అడవంతా బయటికొచ్చి చూడాలి మిమ్మల్ని!"

ఎవరూ పలకరించని వాడికి అలాంటి మాట చెవిన పడితే ఇంకేం ఆగుతాడు? గుబురయ్య ఒక పెద్ద తేనెపట్టు ఇచ్చి, పాత టైర్లు అక్కడే వదిలేసి, పెద్ద టైర్లు వేయించుకున్నాడు.

నిజంగానే అడవంతా వచ్చి చూసింది. ఒక్క పూట చూసింది. సంత రోజు వచ్చేసరికి, ఎప్పుడూ వెనక ఎక్కి వచ్చే కుందేళ్లు ఎంత ఎగిరినా జీపు మెట్టు అందలేదు. "మేం నడిచి వస్తాంలే మామా," అని అవి వెళ్లిపోయాయి. సూరమ్మకూ అందలేదు. గుబురయ్యే ఆమెను ఎత్తి కూర్చోబెట్టాడు. అరచేతుల్లో ముళ్లు గుచ్చుకున్నా నవ్వుతూ పీక్కున్నాడు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో, మద్దిచెట్టు దగ్గర ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ జీపు ఆగిపోయింది. నూనె చుక్క లేదు. మీటరు ముప్పై చూపిస్తోంది.

"చెల్లెమ్మా, ఇవాళ కుండ నిండా పోశావా?" అని అడిగాడు గుబురయ్య.

"అంచుదాకా పోశానన్నా."

"మరి నలభై తిరగాల్సిన బండి ముప్పైకే ఎలా ఆగింది?"

"నాకేం తెలుసన్నా? బండి నీది."

"నూనె నీది కదా! మీటరు అబద్ధం చెబుతుందా?"

సూరమ్మ అతడి వైపు తిరిగింది. "అయితే నేను చెబుతున్నానా?" అని మెల్లగా అడిగింది.

"లేదు చెల్లెమ్మా" అంటే సరిపోయేది. అంత చిన్న మాట! ఆ మొండి ఎలుగు అది కూడా అనలేదు. మీటరు వైపే చూస్తూ కూర్చున్నాడు.

సూరమ్మ ఎలాగో జారుకుంటూ కిందికి దిగింది. మిగిలిన దారంతా ఒంటరిగా నడిచి వెళ్లింది. గుబురయ్య జీపును ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆమె గుహ ఖాళీగా ఉంది. గానుగను దొర్లించుకుంటూ ఆమె చిట్టికొండకు వెళ్లిపోయిందని పిట్టలు చెప్పాయి.

"పోతే పోయింది," అన్నాడు గుబురయ్య. అన్నాడే గాని, ఆ మాట వినడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

ఆ వారమంతా అతడు ఎవరితోనూ మాట్లాడలేదు. అతడితోనూ ఎవరూ మాట్లాడలేదు. తానే గింజలు ఏరాడు. తానే రాయి మీద నూరి, పిండి, కుండ నిండా నూనె తీశాడు. ఒక్క చుక్క తగ్గకుండా చూసుకుని జీపులో పోశాడు. సంతకు ఒక్కడే వెళ్లాడు. దారిలో ఒకసారి అలవాటు కొద్దీ ఊఁ అన్నాడు. వెంటనే నోరు మూసుకున్నాడు. ఆ ఎలుగును ఎవరైనా అప్పుడు చూసి ఉంటే ఏడ్చేవారు.

తిరిగి వస్తుంటే మద్దిచెట్టు దగ్గరే జీపు మళ్లీ ఆగింది. మీటరు మళ్లీ ముప్పై చూపించింది.

గుబురయ్య కిందికి దిగాడు. కుండ నింపింది తానే. ఈసారి ఎవరిని అనాలి?

అప్పుడే ఒక ముసలి తాబేలు రోడ్డు వెంట నడిచి వస్తున్నాడు. అడవిలో అందరూ అతడిని తాత అనేవారు. గుబురయ్య అతడి దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పాడు.

"రేవుకు చేరేసరికి నీ మీటరు ఎంత చూపించింది?" అని అడిగాడు తాత.

"పద్దెనిమిది."

"ఇదివరకు?"

"ఇరవై."

"అయితే దారి కుంచించుకుపోయిందా?"

"దారి ఎలా కుంచించుకుపోతుంది తాతా?"

"అదే నేనూ అంటున్నా. నేను రోజూ నడుస్తూనే ఉన్నాను. నా కాళ్లకు అడుగు దూరం కూడా తగ్గలేదు," అన్నాడు తాత. "మీటరుకు దారి కనపడదు నాయనా. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెట్టుకుని దూరం చెబుతుంది. ఆ లెక్క నీ చిన్న టైర్లకు పెట్టింది. పెద్ద టైరు ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. చుట్లు తగ్గాయి కాబట్టి దూరం తగ్గిందని చెప్పింది. ముప్పై అని చూపించినా నువ్వు అంతకంటే ఎక్కువే తిరిగావు."

"అయినా ఇల్లు చేరకుండానే నూనె అయిపోయిందిగా?"

"ఇంత బరువైన టైర్లను ఎత్తు మీదికి తిప్పాలంటే బండి ఎక్కువ తాగదా మరి? నా వీపు మీద ఇంకో డిప్ప పెడితే నేనూ రెండు ముద్దలు ఎక్కువే తింటాను."

గుబురయ్య లేచి నిలబడ్డాడు. "అయితే సూరమ్మ..."

"నిండుకుండే పోసింది," అన్నాడు తాత, తన దారిన తాను నడుస్తూ.

మర్నాడు గుబురయ్య తోకరాజు కొట్టుకు వెళ్లాడు. పాత టైర్లు అప్పటికే తోకరాజు పిల్లలకు ఉయ్యాలలు అయిపోయాయి. బతిమాలి, రెండు తేనెపట్లు ఇచ్చి, వాటిని తిరిగి తీసుకున్నాడు. ఆగిన చోటే జీపుకు బిగించి, మళ్లీ గింజలు నూరి తీసిన నూనె పోసుకుని చిట్టికొండకు బయలుదేరాడు.

చిట్టికొండ మీద సూరమ్మ గానుగ చుట్టూ సందడిగా ఉంది. లేళ్లు, నక్కలు, ముళ్లపంది పిల్లలు దీపాలకు నూనె పట్టుకెళ్లడానికి వరుసలో నిలబడ్డాయి. సూరమ్మ అందరితో నవ్వుతూ మాట్లాడుతోంది. గుబురయ్యను చూసి లేచి వచ్చింది.

"తప్పు నాదే చెల్లెమ్మా. నిన్ను అనరాని మాట అన్నాను," అన్నాడు గుబురయ్య.

"ఆ కోపం ఎప్పుడో పోయిందన్నా. కూర్చో, ఎండన పడి వచ్చావు," అంటూ ఆమె ఇప్పపూలు పెట్టింది.

"ఇంటికి పోదాం రా."

సూరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ అందరూ నా వాళ్లయిపోయారు. నేను రాలేను."

గుబురయ్య లేచి జీపు దగ్గరికి నడిచాడు. తిరిగి వెళ్లడానికి నూనె కావాలన్నాడు. ఆమె లోపలికి వెళ్లి కుండెడు నూనె తెచ్చింది. పక్కన ఒక కొలపాత్ర పెట్టింది.

"కొలుచుకో అన్నా."

"వద్దు చెల్లెమ్మా. నీ దగ్గర నేను కొలుచుకోవడమా?"

"కొలుచుకో," అంది సూరమ్మ మళ్లీ. ఆమె గొంతులో కోపం లేదు. "ఇప్పుడు ఎవరికి ఇచ్చినా కొలిపించాకే ఇస్తున్నాను. కొలవకుండా ఇవ్వాలంటే నాకు భయం."

వరుసలో ఉన్న వాళ్లందరూ చూస్తుండగా గుబురయ్య కొలిచాడు. కొంచెం నూనె నేల మీద ఒలికింది. అయినా కొలత నిండి, ఇంకా మిగిలింది. అతడు తల వంచుకుని జీపులో పోసుకుని, ఒక్కడే ఇప్పలకోన దారి పట్టాడు.

నీతి: లెక్క తప్పినప్పుడు ముందు మనం ఏం మార్చామో చూసుకోవాలి, తొందరపడి ఆప్తులను అనుమానిస్తే, తర్వాత వాళ్లు మన్నించినా మునుపటి చనువు తిరిగి రాదు.