తాడు చేతిలో ఉండగా

మంగతాయారు గారికి ఒక అలవాటు ఉంది. తరగతిలో ఎవరైనా మంచి ప్రశ్న వేస్తే అక్కడ జవాబు చెప్పరు. ఆదివారం పొద్దున్నే గోదావరి రేవుకి రమ్మంటారు. విశ్వవిద్యాలయంలో మాకు అవకలన సమీకరణాలు చెప్పేది ఆవిడే. మారుతూ పోయేవాటి లెక్క అది. ఈ క్షణాన ఎటు కదులుతోందో చెబితే, చివరికి ఎక్కడ తేలుతుందో అది చెబుతుంది. ఇక ఆవిడకి ఏటి అవతల లంకలో కాసే వంకాయలంటే ప్రాణం. అందుచేత ఆ ఆదివారం ప్రయాణాలు మా ప్రశ్నల కోసమో, వంకాయల కోసమో మాకెప్పుడూ తేలలేదు.

ఆ శనివారం ప్రశ్న వేసింది కృపావరం. ఆ అమ్మాయి చదివిన బడిలో రెండేళ్ల పాటు లెక్కల మాస్టారే లేరు. ఈ పేపరు అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇది గట్టెక్కకపోతే పట్టా రాదు. అయినా కోర్సు మానేస్తానని దరఖాస్తు రాసి సంచిలో పెట్టుకుంది, సోమవారం ఇచ్చేయాలి. ఆ సంగతి నా ఒక్కడికే చెప్పింది. వద్దని గట్టిగా ఒక్క మాట అనలేకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ రోజు బోర్డు మీదున్న సిద్ధాంతం ఇది: బయలుదేరిన చోటు తెలిస్తే, ఆపైన వెళ్ళే దారి ఒక్కటే, రెండోది ఉండదు. కృపావరం లేచి నిలబడింది.

"అంటే మేడం, ఎక్కడ మొదలెట్టామో అక్కడే అంతా తేలిపోయినట్టేనా? వెనకబడి మొదలెట్టినవాళ్లు ఎంత కొట్టుకున్నా ఇంక అంతేనా?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మేడం నవ్వలేదు. "రేపు పొద్దున్న రేవుకి రామ్మా" అన్నారు.

పిలవని పేరంటానికి నేనూ వెళ్ళాను. ఏటి మీద మంచు కమ్ముకుని ఉంది. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అవతలి రేవు కాసేపు కనబడుతోంది, కాసేపు మాయమవుతోంది. పడవ నడిపే నూకరాజు రోజూ మొదటిసారి ఏరు దాటే ముందు గంగమ్మకి గుప్పెడు బంతిపూలు వదులుతాడు. దణ్ణం పెడతాడు గానీ కళ్లు మాత్రం మూయడు. ఒకే గుప్పిట్లోంచి జారిన పూలలో కొన్ని గట్టు దగ్గరే తిరుగాడాయి, కొన్ని నడిమి పాయలో పడి మంచులోకి వెళ్ళిపోయాయి. చూస్తూ చూస్తూ ఉంటే పూలు కదలకుండా ఉన్నట్టూ, మేము గట్టుతో సహా తేలిపోతున్నట్టూ అనిపించింది. ఎంతసేపు అలా నిలబడ్డామో నాకు గుర్తు లేదు.

తర్వాత నూకరాజు పడవకి తాడు కట్టి, గట్టు వెంబడి ఎగువకి లాగడం మొదలెట్టాడు. మేడం అప్పటికే ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని పడవలో పెళ్లికూతురిలా కూర్చున్నారు.

"అవతలి రేవు ఎదురుగానే ఉంది కదా బాబాయ్, వెనక్కి లాగుతున్నావేంటి?" అంది కృపావరం.

"ఇక్కణ్ణించి వదిలితే దిగువనెక్కడో ఇసక మేట మీద తేల్తామమ్మా. ఏరుని తిప్పలేం. పడవనైతే పైకి లాక్కోగలం. ఎంత దూరమో ఆ పూలు చెప్తాయి. నిన్నటి దూరం ఇయ్యాల పనికిరాదు. చూత్తా నిలబడే బదులు నువ్వూ ఓ చెయ్యెయ్యి."

ఆమె చెయ్యి వేసింది. నేనూ తాడు కొస పట్టుకున్నాను గానీ దానివల్ల పడవకి ఒరిగిందేమీ లేదు. ఒండ్రులో కాళ్లు దిగబడుతున్నా ఆమె ఆగలేదు. తుమ్మచెట్టు దాటాక నూకరాజు చాలన్నాడు. పడవెక్కి గెడ అందుకున్నాడు, వెనకే నేనూ ఎక్కాను. కృపావరం మాత్రం గట్టు మీదే ఉండిపోయింది. తాడు పట్టుకున్న అరచేతులు ఎర్రగా కందిపోయాయి. పడవ నీటి వాలుకి మెల్లగా గుంజుతోంది. పూలు వెళ్ళిన వైపు చాలాసేపు చూసి, కలలో మాట్లాడినట్టు అడిగింది.

"అయితే ఆ సిద్ధాంతం తప్పా మేడం?"

"తప్పేం కాదు. తాడు వదిలిన క్షణం నుంచీ అక్షరాలా నిజం" అన్నారు మంగతాయారు గారు, ఒళ్లో సంచి సర్దుకుంటూ. "అదింకా నీ చేతిలోనే ఉంది కదమ్మా."